కుడి భుజం

పొద్దుటి నుంచీ ఆకాశం మూసుకునే ఉంది. వాన మాత్రం పడలేదు. భీమరాజు కొవ్వూరులో బస్సెక్కి రాజమండ్రి ఆసుపత్రికి వచ్చేసరికి, కూతురి పక్క కుర్చీలో వాలీబాల్ కోచ్ రమాదేవి కూర్చుని ఉంది. అక్కడే ఒళ్లు మండింది.

"ఏమైందమ్మా?"

"బాల్ కొడుతుంటే చెయ్యి తిమ్మిరెక్కుతోంది నాన్నా. మేడం చూసి తీసుకొచ్చారు."

మేడం. దేవిశ్రీ హాస్టల్లో చేరిన ఏడాదిగా ఫోన్లోనూ అదే పాట. మేడం చెప్పారు, మేడం తిట్టారు, మేడం కొనిపెట్టారు. దాని చేతికి మొదట బంతి ఇచ్చిందెవరు?

"మా ఊళ్లో ఆడినన్నాళ్లూ దీనికి తలనొప్పి కూడా రాలేదండి," అన్నాడు రమాదేవి వంక చూడకుండా.

డాక్టరు దేవిశ్రీ చెయ్యి పైకెత్తించి, మణికట్టు దగ్గర నాడి చూశాడు. గుప్పిట మూసి తెరవమన్నాడు. నిమిషం తిరక్కుండానే చెయ్యి వాలిపోయింది.

"చేతికెళ్లే నరం భుజం దగ్గర నలుగుతోంది. ఇదిగో, ఇక్కడ కాయ కూడా కాసింది. ఏం మోస్తున్నావమ్మా?"

దేవిశ్రీ తల దించుకుంది.

"ఏముందండి, ఇనప కడ్డీలు మోయిస్తారు. ఆడపిల్లని గాడిదని చేశారు," అన్నాడు భీమరాజు.

రమాదేవి మొహం ఎర్రబడింది. "నేను ఇంకాస్త కనిపెట్టుకుని ఉండాల్సిందండి," అంది. అంతే.

భీమరాజు కడుపు చల్లబడింది.

"బరువులు మానెయ్యాలి. మూడు నెలలు ఫిజియోథెరపీ. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే చెయ్యి చచ్చుబడేది," అన్నాడు డాక్టరు.

"మరి స్టేట్ సెలక్షన్స్?" అంది దేవిశ్రీ.

"ఈసారికి వదిలెయ్యమ్మా."

ఎదురుగా ఉన్న హోటల్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. దేవిశ్రీ వేళ్ల సందుల్లోంచి మెతుకులు జారిపోతున్నాయి. రమాదేవి ఆ కంచం దగ్గరికి తీసుకుని పప్పు కలపబోయింది. భీమరాజు దాన్ని తన వైపు లాక్కున్నాడు.

"మా అమ్మాయికి నేను కలుపుతానండి. నువ్వు చెప్పు తల్లీ, భయపడకు. వీళ్లు నీచేత ఏం మోయించారు?"

"వీళ్లు కాదు నాన్నా."

"మరి?"

"ఇసుక కావడి. తెల్లారగట్ల మోస్తే భుజం గట్టిపడుతుందని నువ్వేగా నేర్పావు. మేడం రెండుసార్లు కర్ర లాగేసుకున్నారు. మళ్లీ తెచ్చుకున్నాను. నువ్వు చెప్పింది మానబుద్ధి కాలేదు."

భీమరాజు కంచాన్ని మెల్లగా రమాదేవి వైపు జరిపాడు.