పాత బండి ఎత్తు

కొండదారులన్నీ తిప్పిన నా పాత బండికి ఇక విడిభాగాలు దొరకవన్నారు. కొత్తది ఎంచుకుందామని నా భార్యను వెంటబెట్టుకుని ఆటోలో షోరూముకెళ్లాను.

ఏ బండి మీదికీ నా కాలు లేవలేదు. కనుమలు దాటిన వీరుణ్ణి, సీటు దాటలేకపోయాను.

"ఇంత ఎత్తేంటయ్యా? నా పాతది నాకు కొలిచి కుట్టినట్టుంటుంది," అని సేల్స్‌మన్‌కి క్లాసు పీకాను.

అతను నా పాత బండి ఏదో అడిగి, ఫోనులో వెతికి చూశాడు. "మీ పాతదే దీనికన్నా ఎత్తు సార్."

"పొద్దున కూడా ఎక్కి వీధిలో ఓ చుట్టు తిరిగొచ్చానయ్యా."

నా భార్య నా చెవి దగ్గరికొచ్చింది. "మన గుమ్మం పక్కన మెట్టుందిగా. దాని మీంచి ఎక్కారు."

"పోయినేడు నువ్వు పూలకుండీల కోసం కట్టించిన మెట్టేగా?" అన్నాను, ఇంకా గెలుస్తాననే ఆశతో.

"దాని మీద ఏనాడైనా కుండీ చూశారా?"