పోయిండు

తిరుమల జొన్నపిండిలో వేడినీళ్లు పోసి కలుపుతోంది. పొయ్యి మీద పెంక కాలుతోంది. పక్కన పీట మీద ఫోన్ ఆగి ఆగి గుర్రుమంటోంది.

"గా ఫోన్ల రాస్తె రొట్టె కాలుతదా?" అంది అత్త పోశవ్వ, వాకిట్లో చిక్కుడుకాయలు గిల్లుతూ.

"కాలదు అత్తమ్మా. పెంకనే కావాలె."

కోడలు ఫోన్‌లో ఏదో రాస్తుందని తప్ప, అది బ్లాగు అని పోశవ్వకు తెలియదు.

బ్లాగు పెట్టించింది గోడ అవతలి సృజన. నిర్మల్‌లో డిగ్రీ చదువుతోంది. "నువ్వు చెప్పే ముచ్చట్లు మంచిగుంటయి వదినా, రాయరాదు" అంది. తిరుమల రాసింది. సొరపాదుకు పురుగు పడితే ఏం చల్లాలో రాసింది. సర్వపిండి మాడకుండా ఎలా కాల్చాలో రాసింది. ఖానాపూర్ అంగడిలో కంకులమ్మే ముసలామె నవ్వు గురించి రాసింది. చదివింది ఇద్దరు. ఒకరు సృజన. ఇంకొకరు తిరుమల.

జనం రావాలంటే ఫోటోలు పెట్టాలంది సృజన. పెట్టింది. పెద్ద పెద్ద హెడ్డింగులు పెట్టాలంది. పెట్టింది. వాట్సాప్ గ్రూపుల్లో లింకులు వేసింది. ఒక గ్రూపులోంచి ఆమెను తీసేశారు.

తర్వాత ఒక రోజు, ఎలాగూ ఎవరూ చదవరన్న ధైర్యంతో, నాలుగు లైన్లు రాసింది.

'ఆయన పోయిండు. ఇడిసిన అంగీ కొయ్యకే ఉన్నది. ఉతుకబుద్ధి అయితలేదు. పొద్దుగాల ముగ్గురికి రొట్టెలు చేసిన. యాదికొచ్చి, ఒకటి కుక్కకు ఏసిన.'

ఆ లింకును ఎవరో ఎక్కడికో పంపారు. తెల్లారేసరికి ఫోన్ నిండిపోయింది. విజయవాడ నుంచి, తణుకు నుంచి, బెంగళూరు నుంచి. 'చదువుతుంటే కన్నీళ్లు ఆగలేదు అక్కా.' 'గుండె దిటవు చేసుకోమ్మా.' ఒకామె తన భర్త ఎలా చనిపోయాడో పేజీ నిండా రాసింది. చివర్న, 'తిన్నారా?' అని అడిగింది.

తిరుమలను ఆ మాట ఎవరైనా అడిగి చాలా కాలమైంది.

ఆమెకు పెద్ద జవాబు టైపు చేసింది. మళ్లీ మొత్తం చెరిపేసింది. 'తిన్నానక్కా' అని మాత్రం పెట్టింది.

అప్పటి నుంచి ఆయన గురించే రాసింది. మూలకు పెట్టిన సైకిల్ గురించి, మడతపెట్టని చెద్దరు గురించి. జనం పెరుగుతూ పోయారు. మధ్యలో ఒకసారి బెండకాయల గురించి రాస్తే ఒక్కరూ రాలేదు. 'అన్నగారి గురించి రాయండి అక్కా' అన్నారు.

"మల్ల గదేనా?" అని సృజనను అడిగింది.

"నీకు జనం గావాల్నా, బెండకాయలు గావాల్నా?" అంది సృజన, గోడ మీద మోచేతులు ఆనించి. "నువ్వు రాసినదాంట్ల అబద్ధమైతే ఒక్కటి లేదు. ఇగ ఫికరెందుకు?"

ఈ వారం మాత్రం తిరుమల ఏమీ రాయలేదు. కూర్చుంటే ఒక్క మాట చేతికి రావడం లేదు. చదివేవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

ఇవాళ హైదరాబాద్ నుంచి ఒక మేడం ఫోన్ చేస్తానంది. సాయంత్రం వాళ్ల యూట్యూబ్ ఛానల్‌లో తిరుమల రాతలు చదువుతారట. బ్లాగు పేరు చెబుతారట. "వేలమంది చూస్తరు వదినా! నువ్వు ఊఁ అంటె చాలు" అని చెప్పి పొద్దున్నే సృజన కాలేజీకి పోయింది.

వంటింటి గడప మీద పోశవ్వ కొడుకు పరశురాములు కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పాలు లేని చాయ్.

"పొద్దటిసంది గడప మీదనే ఉన్నవు. గడప అరుగుతది కొడుకా" అంది పోశవ్వ.

"ఏం పని ఉన్నదే అవ్వా."

"పని లేకుంటె పొలం దిక్కు పోయి రా. జర మందికన్న కనవడు."

అతను నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. లేవలేదు. పోశవ్వ చిక్కుడు పొట్టు తీసుకుని మేకల దగ్గరికి వెళ్లింది.

ఫోన్ మోగింది.

"చేతులకు పిండి ఉన్నది" అంది తిరుమల, అతని వైపు చూడకుండా. "జర ఎత్తి పట్టుకోండ్రి."

పరశురాములు లేచి వచ్చాడు. స్పీకర్ నొక్కి, ఫోన్‌ను ఆమె ముందు పట్టుకున్నాడు.

"తిరుమల గారేనా అమ్మా? మీ రాతలు చదివి మా ఇంట్లో అందరం ఏడ్చాం. ఆయన పోయి ఎన్నాళ్లయింది?"

"రెండేండ్లు దాటింది."

"అయ్యో. పేరేమిటమ్మా ఆయనది?"

తిరుమల పిండి ముద్దను అరచేత్తో అదిమింది. "మా దిక్కు మొగని పేరు తియ్యం మేడం."

"పోయినవాళ్ల పేరు చెప్పుకోవచ్చమ్మా. తప్పు లేదు."

ఫోన్ పట్టుకున్న చెయ్యి కదల్లేదు. పెంక పొగలు చిమ్ముతోంది.

"సరేలెండి, ఫోటో ఒకటి పంపండి. దండ వేసి, దీపం వెలిగించి, అప్పుడు మీ రాతలు మొదలుపెడతాం. పంపిస్తారుగా?"

తిరుమల నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే ఇదంతా ఇక్కడితో ఆగిపోతుంది. రేపటి నుంచి తిన్నావా అని అడిగేవాళ్లూ ఉండరు. భయం వేస్తుందేమో అనుకుంది. వేయలేదు. సిగ్గు వేస్తుందేమో అనుకుంది. అదీ వేయలేదు. చేతులు వాటంతట అవే రొట్టె తడుతున్నాయి.

"పంపిస్త మేడం" అంది.

రెండేళ్ల కిందట మస్కట్ పోయి, మొన్న శుక్రవారమే సెలవు మీద ఇంటికొచ్చిన ఆమె మొగుడు పరశురాములు, ఫోన్‌ను పీట మీద పెట్టి, చెప్పులేసుకుని, వాకిలి దాటి వెళ్లిపోయాడు.