సంతకం పడకముందు

"ఈ ఆర్డరు చెల్లుతుందా, చెల్లదా? ఆ ఒక్కమాట చెప్పండి," అని కోర్టు గుమాస్తాను అడిగింది ఆమె. వెనకే అత్తగారు గోడకు చేరబడి నిలబడింది.

"మీకు విడాకులు ఇస్తున్నట్టు జడ్జిగారు పైకి చదివారు గానీ, సంతకం పెట్టేలోపే జబ్బుపడ్డారమ్మా. ఆయనైనా పెట్టాలి, ఆయన స్థానంలో వచ్చే జడ్జి అయినా పెట్టాలి. నేను పెడితే చెల్లదు."

"అంటే నేనింకా ఆయన భార్యనేనా?"

"చట్టప్రకారం భార్యే. కాస్త ఓపిక పట్టండి."

"ఆయన పొద్దున పోయారండీ. లారీ గుద్దింది. 'నువ్వేమవుతావు' అని ఆస్పత్రిలో అడిగితే నాకు నోరు పెగల్లేదు."

గుమాస్తా కుర్చీలోంచి లేచాడు.

"నిన్న సాయంత్రం ఇక్కడికే వచ్చారమ్మా! సంతకం అయిందా అని అడిగారు. కాలేదన్నాను. 'అయితే కేసు వెనక్కి తీసుకోవచ్చా?' అన్నారు. మీరిద్దరూ కలిసొచ్చి అడగాలన్నాను. 'రేపు పొద్దున్నే వెళ్లి తనని బతిమాలుకుంటా' అంటూ వెళ్లారు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దున్నే గడ్డం గీసుకుని బయల్దేరాడే! ఎక్కడికిరా అంటే నవ్వాడు గానీ చెప్పలేదు."

ఆమె అక్కడే బల్ల మీద కూలబడింది.

"వచ్చుంటే తలుపు తీసేదాన్నో లేదో, అత్తయ్యా. నిజంగా నాకు తెలీదు."

పెద్దావిడ కళ్లు తుడుచుకుని కోడలి చెయ్యి పట్టుకుంది.

"లేమ్మా. వాడక్కడ ఒక్కడే ఉన్నాడు."