మనిషి దిగని తొట్టి

సరిగ్గా కాంక్రీటు పోసే వేళకు ఒక ముసలాయన వచ్చి, తొట్టి పైకప్పుకు పరిచిన పలకల మీద కూర్చున్నాడు.

మాసిన పంచె, భుజాన టవలు. ఎమ్మిగనూరు దగ్గరి ఆ రైసు మిల్లులో ఆయన్ని ఎరిగినవాళ్లు లేరు.

"లేయి తాతా, మిషన్ తిరుగుతాండాది," అంది యశస్విని.

"లేస్తాను. ఒకటి చెప్పు పాపా. దీంట్లోకి మనిషి దిగాల్నా?"

యశస్విని బళ్లారి బ్రూస్‌పేట అమ్మాయి. పర్యావరణ, ఇంధన సివిల్ ఇంజినీరింగులో ఎం.టెక్. రెండో ఏడాది. మిల్లులో వడ్లు నానబెట్టి కాలవలోకి వదిలేసే కంపు నీళ్లను మూసిన తొట్టిలో మురగబెట్టి, ఆ గ్యాసుతో మిల్లు బాయిలరునే మండించాలన్నది ఆమె ప్రాజెక్టు. క్లాసులో మిగతావాళ్లు కంప్యూటరు మీద బొమ్మలు గీసుకుంటుంటే, నిజం తొట్టే కట్టి చూపిస్తానని గైడు దగ్గర పట్టుబట్టింది. మిల్లు ఓనరు గురురాజ్‌ను ఒప్పించిందీ తానే.

ఎవరు ఏమడిగినా జవాబు చెప్పడం ఆమెకు ఇష్టం.

"ఏడాదికొకసారి అడుగున పేరుకున్న మడ్డి తీయాల తాతా. అప్పుడు దిగుతారు. ముందే మూత తెరిచి విషపు గాలి పోయేదాకా ఆడనిస్తాము. నడుముకు తాడు కడతాము. అంతా రూల్సు ప్రకారమే."

"కట్టొద్దు."

"తాడా?"

"తొట్టి."

అంతలో గురురాజ్ వచ్చాడు.

"ఎవరప్పా నువ్వు? యాడనుంచి వచ్చినావు?"

"హచ్చొళ్ళి. పున్నయ్య అంటారు."

గురురాజ్ యశస్విని వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"ఈయప్ప సంగతి విన్నా మేడం. యాడ తొట్టి కడతాండా పోయి ఊరికెనే అడ్డం కూర్చుంటాడంట. తల సరిగా లేదు."

ఇద్దరు కూలీలు పున్నయ్యను చెరో రెక్క పట్టి లేపారు. ఆయన పెనుగులాడలేదు. గేటు దాకా నడిచాక మాత్రం వెనక్కి తిరిగాడు.

"నువ్వు దిగుతావా పాపా?"

"నేనెందుకు దిగుతాను?" అంది యశస్విని.

వెంటనే వచ్చేసింది ఆ మాట. వచ్చాక ఆమె చెవికే అదోలా వినపడింది.

పున్నయ్య గేటు దాటి వెళ్లిపోయాడు.

"మిషన్ ఆపండి," అంది యశస్విని.

"ఏమైంది మేడం?"

"పైకప్పు ఈ పొద్దు వద్దు గురురాజన్నా. నాకు కొంచెం టైము ఇయ్యి."

"ఆ పిచ్చోని మాట పట్టుకొనా?"

"ఆయనకు చెప్పనీకి నా దగ్గర జవాబు లేదు. అందుకు."

గైడు కూడా విసుక్కున్నాడు. "ఉన్న డిజైనుకు ఏమొచ్చింది? థీసిస్ లేటవుతుంది."

"కానీండి సార్. ఇది నేను తేల్చగలను."

తేల్చింది.

తొట్టి అడుగును గరాటులా వాలుగా మార్చింది. మడ్డి అంతా ఒక మూలకు జారి, బయటున్న పంపు లాగితే గొట్టంలోంచి వచ్చేస్తుంది. పైన మూత తలకాయ పట్టనంత చిన్నది. ఎప్పుడైనా లోపల రిపేరు వస్తే పైకప్పునే ముక్కలు ముక్కలుగా క్రేనుతో ఎత్తి, తొట్టిని ఆకాశం కింద ఆరబెట్టాల్సిందే. దొంగచాటుగా ఒక మనిషిని దింపుదామన్నా దారి లేదు.

కట్టేటప్పుడు గురురాజ్ సణిగాడు. బాయిలరు కింద నీలి మంట లేచిన రోజు మాత్రం పక్క మిల్లుల వాళ్లను తానే పిలిచి చూపించాడు.

వైవాకు బయటి ఊరినుంచి వచ్చిన ప్రొఫెసరు గ్యాసు లెక్కలు త్వరగా తిప్పేసి, పైకప్పు డ్రాయింగు దగ్గర ఆగిపోయాడు.

"ఈ ఆలోచన ఎవరిదమ్మా?"

"ఆలోచన నాదే సార్," అంది యశస్విని. "అడిగింది వేరే ఆయన."

ఆ వారమే ఆమె హచ్చొళ్ళి బస్సెక్కింది. పున్నయ్యను వెంటబెట్టుకుని మిల్లుకు తీసుకుపోవాలి. ఆ చిన్న మూత ఆయనకు చూపించాలి. ఆయన్ని గేటు బయటికి పంపేస్తుంటే చూస్తూ ఊరుకున్నందుకు ఏమనాలో కూడా దారిలో అనుకుంది.

పున్నయ్య ఇల్లు అడిగితే చూపించారు. అరుగు మీద ఒక ముసలమ్మ మిరపకాయల తొడిమెలు తీస్తోంది. పేరు ఓబమ్మ అంది.

"పున్నయ్య తాత ఉండాడా అవ్వా?"

"లేడు పాపా. పోయి నెల దాటె."

యశస్విని అరుగు చివర కూర్చుంది.

"నేను మిల్లులో తొట్టి కడతా ఉంటే వచ్చి అడ్డం కూర్చున్నాడు. తల సరిగా లేదన్నారు. ఇప్పుడు ఆ తొట్టి ఆయన అడిగినట్లే కట్టినానవ్వా. దాంట్లోకి ఎవరూ దిగే పని లేదు."

ఓబమ్మ చేతులు ఆగాయి.

"కడగనీకి గూడానా?"

"కడగనీకి గూడా."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ అవ్వా. మీ ఆయనకు చూపిద్దామని వచ్చినా."

ఓబమ్మ ఒళ్లో మిరపకాయలు చేటలోకి దులిపింది.

"ఆయప్ప నా మొగుడు కాదు పాపా. ఈ ఊర్లో రైసు మిల్లు ఉండె ఆయప్పకు. మూసేసి, ఇంగ తొట్లెంబడి తిరగబట్టె. మంచాన పడితే చూసేవాళ్లు లేకపాయె. నేనే గంజి కాచి పోస్తా ఉంటి."

"ఏమవుతాడని చేసినావు అవ్వా అంత?"

ఓబమ్మ వీధిలోకి చూస్తూ మెల్లగా చెప్పింది.

"నా మొగుణ్ణి తొట్టి కడగమని లోపలికి దింపింది ఆయప్పే."