గుట్ట మీది మనిషి

గంట మోగింది.

జింక చెవులు నిక్కించి, ఒక్క గెంతులో పొదల్లోకి మాయమైంది.

ఎల్డన్ తుపాకీ దించి, నోటికొచ్చిన బూతులు తిట్టాడు. ఆ ఏటి వేట కాలం మొదలైన రోజది. పొద్దున్నుంచి కనబడ్డ మొదటి కొమ్ముల జింక.

మంచులో కాళ్లీడ్చుకుంటూ గుట్ట ఎక్కాడు. అవతలి పక్క నుంచి నార్బర్ట్ కూడా రొప్పుతూ పైకి వచ్చాడు.

ఇద్దరికీ డెబ్బై దాటాయి. పెళ్లిళ్లు కాకముందు నుంచీ కలిసే వేటాడుతున్నారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన వాళ్ల పాత చోటును ఎవరో కొనుక్కుని కంచె వేసుకుంటే, ఈ ఏడు కొత్తగా ఈ సర్కారు అడవికి వచ్చారు.

గుట్ట నెత్తిన, కూలిన చెట్టు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. వేటగాళ్లు వేసుకునే నారింజ రంగు కోటే వేసుకున్నాడు. తుపాకీ మాత్రం లేదు. చేతిలో ఆవు మెడకు కట్టే గంట ఉంది.

“నీకేమైనా మతి పోయిందా?” అరిచాడు ఎల్డన్.

“ఇక్కడ మనుషులున్నారని తెలియాలిగా.”

“మనుషుల సంగతేమో గానీ, జింకలన్నిటికీ తెలిసిపోయింది!”

నార్బర్ట్ నవ్వాడు. “వదిలెయ్‌రా. మాంసం తినని బాపతేమో.”

“తింటాను,” అన్నాడు ముసలాయన. “మీరిద్దరూ గుట్టకి చెరో పక్క కూర్చున్నారు. జింక గుట్ట నెత్తి మీదికొస్తే చెయ్యి ఆగదు. తూటా జింకతో ఆగదు.”

“మా గురి ఇంతవరకూ తప్పలేదు. నువ్వు నేర్పక్కర్లేదు.”

ఎల్డన్ ఆ గంట లాక్కుని లోయలోకి విసిరేశాడు. అది రాళ్ల మీద మోగుతూ మోగుతూ కిందికి పోయింది.

ముసలాయన మోకాళ్లు పట్టుకుని లేచి, నార్బర్ట్ వైపు తిరిగాడు.

“రేపైనా చోటు మార్చుకో అయ్యా,” అని దిగి వెళ్లిపోయాడు.

“అంతలా అనకుండా ఉండాల్సిందిరా,” అన్నాడు నార్బర్ట్.

“అంత జాలైతే వెళ్లి ముద్దుపెట్టుకో.”

“నీకన్నా అందంగానే ఉన్నాడులే.”

మర్నాడు గంట మోగలేదు.

పొద్దెక్కుతుండగా పెద్ద మగజింక గుట్ట నెత్తి మీదికొచ్చి నిలబడింది. దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు.

ఎల్డన్ కాల్చాడు. జింక మోకాళ్ల మీద కూలింది.

“ఒరేయ్ నార్బర్ట్! పడిందిరా!”

జవాబు రాలేదు.

“కుళ్లుకుంటున్నావా ముసలోడా? వచ్చి ఒక చెయ్యి వెయ్యి!”

కుర్రాడిలా గుట్ట ఎక్కాడు. జింక కొమ్ము పట్టుకుని పైకెత్తి, అవతలికి చూశాడు.

కాస్త దిగువన నారింజ రంగు కోటు బోర్లా పడి ఉంది.

నార్బర్ట్ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని పైకి వస్తున్నట్టున్నాడు. అది పగిలి, మంచు మీద కాఫీ ఇంకా ఆవిర్లు కక్కుతోంది. ఎల్డన్ కాఫీ తెచ్చుకోవడం మర్చిపోయాడని అతనికి తెలుసు. ఏటా మర్చిపోతాడు.

షెరీఫ్ ప్రమాదం అని తేల్చాడు. కేసు లేదు.

చర్చిలో ఎల్డన్ కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. శవపేటికను మట్టిలోకి దించాక, నార్బర్ట్ భార్య ఆర్లిస్ దగ్గరికొచ్చింది.

“నువ్వు కావాలని చేయలేదని తెలుసు ఎల్డన్. కానీ మా ఇంటికి మాత్రం రాకు.”

ఆ తరవాత అతను వంటింటి కుర్చీలోంచి లేవలేదు. పొయ్యి వెలిగించలేదు. పక్కింటివాళ్లు గుమ్మంలో పెట్టిపోయిన సూపు గిన్నెలోనే గడ్డకట్టింది.

ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తలుపు తీయకపోతే తోసుకుని లోపలికొచ్చారు.

గుట్ట మీది ముసలాయన.

“ముందే చెప్పానుగా అని దెప్పడానికొచ్చావా?”

“కాదు. పొయ్యి వెలిగిద్దామని.”

కట్టెలు తెచ్చి పొయ్యి వెలిగించాడు. గిన్నెలు కడిగి వెళ్లిపోయాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మాట్లాడమని అడగలేదు. దేవుడి పేరెత్తలేదు. పొయ్యి పక్కన కాసేపు కూర్చుని, చీకటి పడకముందే పోయేవాడు.

చివరికి ఎల్డనే నోరు విప్పాడు.

“నిన్న షెరీఫ్ వచ్చాడు. నీ పేరు ఏమిల్ అని చెప్పాడు. అదే గుట్ట మీద నీ కొడుకు పోయాడట.”

“అవును. రాండల్. పెళ్లి కుదిరిన ఏడు.”

“ఎవరిదో తూటా తగిలిందట.”

“అవును.”

ఏమిల్ పెనం మీద గుడ్లు కొట్టాడు.

“మరి నా గడప ఎలా తొక్కావయ్యా? నన్ను చూస్తే ఆ కాల్చినవాడు గుర్తు రాడూ?”

“వస్తాడు.”

ఎల్డన్ ఆర్లిస్‌ని అడగలేని మాట ఈయన్ని అడిగాడు.

“వాణ్ణి క్షమించావా?”

ఏమిల్ గుడ్లు పళ్లెంలోకి తీశాడు. రొట్టె తుంచి పక్కన పెట్టాడు. పళ్లెం ఎల్డన్ ముందుకు జరిపాడు.

“ఇంకా లేదు,” అన్నాడు. “నువ్వు ముందు తిను. రాండల్‌ని కాల్చాక నేనూ ఇలాగే తిండి ముట్టలేదు.”