అన్ని గడుల్లో టిక్కు

నేను తయారుచేసిన గేము విండోస్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. అమ్మకానికి సైటులో పెడుతూ మా బావ, ‘ఎందులో ఆడొచ్చు’ అని అడిగిన చోట మాక్, ఫోను, ఉన్న గడులన్నిట్లోనూ టిక్కు పెట్టేశాడు.

“పెడితే నీ సొమ్మేం పోయింది బామ్మర్దీ? నలుగురూ వస్తారు.”

వచ్చారు. కొన్నారు. తెరుచుకోకపోయేసరికి రివ్యూల్లో దుమ్మెత్తి పోశారు. చదువుతుంటే నోట్లో పురుగు పడ్డట్టు రోత పుట్టింది.

“ఆ ఏడుపుగొట్టు మొహాలని వదిలెయ్. నీ వీరాభిమాని ఏం రాశాడో చూడు,” అని బావ తన ఫోను నా మొహం ముందు పెట్టాడు.

‘మాక్‌లో ఆడాను. అద్భుతం! తెల్లార్లూ వదల్లేదు.’

“మాక్‌లో అసలు తెరుచుకోదు కదా, బావా?”

బావ ఫోను మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

నా మొదటి గేము నుంచీ అయిదు స్టార్లు ఇస్తూ వచ్చిన ఒకే ఒక్క అభిమాని అతను. ఈ గేములో హీరోకి అతని పేరే పెట్టుకున్నాను.