ఒక్క వద్దు

“ఈసారైనా మనుషుల్లా ఓటేయండి,” అన్నాడు ఫ్రెంచి బాబాయ్, కుర్చీ బరబరా లాక్కుని కూర్చుంటూ.

ఆ అపార్ట్‌మెంట్‌లో అయిదుగురితో ఒక పుస్తకాల సంఘం ఉంది. వేసవిలో అందరూ కలిసి ఒకే పుస్తకం చదవాలి. ఏ పుస్తకమో చీటీలు వేసి తేల్చుకుంటారు. ఒక్కరు వద్దన్నా అది పక్కకు పోతుంది. ఒప్పుకుంటే మాత్రం, సూచించినవాళ్లే వారం వారం చర్చ నడపాలి.

బాబాయ్ ఏటా సూచించేది ఒకటే. రెండు సంపుటాల పాత ఫ్రెంచి నవల. ఏటా ఎవరో ఒకరు వద్దనడం, ఆ తర్వాత ఆయన లిఫ్టులో ఎదురుపడ్డవాళ్లందరినీ కడిగెయ్యడం మామూలే. “ఫ్రెంచి సాహిత్యం ముట్టుకోనివాళ్లూ చదువరులేనా?” అని ఆయన విసుక్కుంటుంటే వాళ్లు తలొంచుకునేవాళ్లు. ఆయనకా పేరు అలాగే వచ్చింది. ఆ పేరు నిలుపుకోవాలనే ఆయన తాపత్రయమంతా.

ఈసారి సంఘం కార్యదర్శి, కింది అంతస్తు పళ్ల డాక్టరమ్మ, ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది. ఏ విషయంలోనూ కలవని మూడో అంతస్తు అత్తాకోడళ్లు కూడా దీనికి సరేనన్నారు. డ్రైవింగ్ స్కూలాయనైతే ఏకంగా పుస్తకం కొనుక్కొచ్చాడు.

“కథేమిటో కాస్త చెప్పండి బాబాయ్,” అంది కోడలు.

“చెప్పేస్తే ఇంకేముంటుందమ్మా? చదివే తెలుసుకోవాలి,” అని కసిరాడాయన. “అయినా ఈ ఎండల్లో అంత లావు పుస్తకం మీ వల్ల అవుతుందా? బాగా ఆలోచించుకోండి.”

“ఆలోచించాం. ఇంకా చీటీలెందుకండీ, చేతులెత్తితే సరిపోదూ?” అన్నాడు డ్రైవింగ్ స్కూలాయన.

బాబాయ్ ముఖం కందగడ్డ చేసుకున్నాడు. “పద్ధతి పద్ధతే! మొహమాటపెట్టి ఓట్లు దండుకునే ఖర్మ నాకింకా పట్టలేదు.”

చీటీలు బిస్కెట్ డబ్బాలో పడ్డాయి. డాక్టరమ్మ ఒక్కొక్కటే విప్పి చదివింది. సరే. సరే. సరే. సరే. చివరిది విప్పి చూసి, గబుక్కున మళ్లీ మడిచేసింది.

“మళ్లీ వద్దేనా?” బాబాయ్ బల్ల గుద్దాడు. “ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నా గోడకి చెప్పుకున్నట్టే ఉంది! మీకు డిటెక్టివ్ నవలలే గతి!”

అత్త కోడలి వంక గుర్రుగా చూసింది. కోడలు అత్త వంక అంతకంటే గుర్రుగా చూసింది. డ్రైవింగ్ స్కూలాయన తను కొన్న పుస్తకాన్ని సంచిలోకి తోసేశాడు.

“మన్నించండి బాబాయ్, వచ్చే ఏడాది చూద్దాం,” అంది డాక్టరమ్మ. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

ఆయన విసవిసా మెట్లెక్కి, ఇంట్లోకెళ్లి గడియ వేసుకుని, కొన్ననాటి ప్లాస్టిక్ కవరైనా విప్పని ఆ రెండు సంపుటాలనూ బీరువాలో వెనక్కి నెట్టి, ఈ ఏడాది కూడా తన చీటీ తనని కాపాడినందుకు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.